వెనక సీటు కబుర్లు

వదినగారూ, కాస్త మీరే ఇటు గోడ దగ్గరికి రండి. నేను అక్కడిదాకా రాలేను. వంగితే లేవలేను, లేస్తే కూర్చోలేను. పొద్దుట్నుంచీ నడుం పట్టేసి చీపురు కూడా ముట్టుకోలేదు. "మ్యూజియం చూసి రమ్మంటే అందులో రాతిబొమ్మలాగా బిగుసుకుని వచ్చావే" అంటున్నారు మా ఇంటాయన. నవ్వకండి. ఎందుకు పట్టిందో చెబుతా గానీ, దానికి ముందు కథ చాలా ఉంది. కుక్కరు ఒక్క కూతే వేసింది, ఇంకా రెండు రావాలి.

మీరేమో అమ్మాయి పురుటికని ఖమ్మం వెళ్లి కూర్చున్నారు, ఇక్కడ మన తిరువూరులో ఎంత హడావుడి జరిగిందో మీకేం తెలుసు! మన సోషల్ మాస్టారు లేరూ, రిటైరైన దగ్గర్నుంచీ ఆయనకి వీధంతా తరగతి గదే. ఓ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని, "టీవీలో తిట్టుకునేవాళ్లని చూసి మనమూ మూతులు ముడుచుకోవడం ఎందుకమ్మా, అన్ని మతాలవాళ్లం కలిసి బెజవాడ మ్యూజియం చూసొద్దాం. బుద్ధుడు, జైన తీర్థంకరుడు, శివుడు, అమ్మవారు అంతా అక్కడ ఒకే కప్పు కింద ఉన్నారు" అన్నారు. సర్వమత సామరస్య యాత్ర అని తెల్లకాయితం మీద పెద్దక్షరాలతో రాసి వ్యాను అద్దానికి అంటించారు కూడాను. "ఇది చూస్తే దారి పొడుగునా పోలీసులు ఆపుతారండీ, పెళ్లి అని రాసుకుందాం" అన్నాడు డ్రైవరు కుర్రాడు.

రోజు కుదరడమే ఓ పెద్ద పంచాయితీ అయింది. శుక్రవారం అన్నాను నేను. జుమ్మా నమాజు, మగవాళ్లు తిరిగొచ్చేసరికి అన్నం పెట్టాలంది ఆపా. అదే, మసీదు వీధిలో బట్టలు కుట్టే ఆపా. శుక్రవారం పంతులుగారి కోడలికీ లక్ష్మీపూజేనట. ఆదివారం చర్చి వీధి పిన్నికి ఆరాధన. శనివారం నాకు ఒక్కపొద్దు. సోమవారం ఎదురింటావిడకి శివుడు. మంగళవారం ఆంజనేయస్వామికి ఆకుపూజ, గురువారం బాబా గుడిలో హారతి. వేళ్లు మడుస్తూ పోతే మిగిలింది బుధవారం ఒక్కటే. "బుధవారం వినాయకుడిది కదా" అని ఎవరో అడ్డుపుల్ల వేశారు. "ఆయన విఘ్నాలు తీసేవాడే గానీ పెట్టేవాడు కాదు, పదండి" అన్నారు మాస్టారు. చూశారా, దేవుళ్లందరికీ తలా ఒక వారం పంచి ఇచ్చేశాక మనుషులు కలుసుకోవడానికి ఏడింట్లో ఒక్కటి మిగిలింది.

ఇక వ్యాను. ముందు సీటు నాకు కావాలని ముందే చెప్పుకున్నాను, నాకు బస్సెక్కితే వాంతులు. పంతులుగారి కోడలికీ వాంతులేనట. ఎదురింటావిడకీ వాంతులేనట. వీధి మొత్తానికి ఈ జబ్బు ఉందని ఆ రోజే తెలిసింది. మొత్తానికి మన వీధివాళ్లమే ముందు వరసలు రెండూ ఎక్కేశాం, రానివాళ్లకి కూడా సంచులు పెట్టి సీట్లు ఆపాం. ఆపా, ఆమె కోడలు వచ్చి వెనక చక్రం మీది సీటులో సర్దుకున్నారు. ఒక్క మాట అనలేదు. నాకూ అప్పుడేమీ అనిపించలేదు వదినగారూ, మీ దగ్గర దాచడమెందుకు.

ఏడింటికి బయల్దేరాలి. చర్చి వీధి పిన్ని ఎనిమిదైనా రాదే! కేసరి వండుతుంటే మధ్యలో గ్యాసు అయిపోయిందట. మాస్టారు వాచీకేసి, వీధికేసి చూస్తూ నిట్టూర్పులు. ఈలోగా సెంటర్లో బట్టలకొట్టు సేటుగారి ఇల్లాలు తాళం తీయడానికి వచ్చి, వ్యాను మీది కాయితం చదివి, "సర్వమతాలూ అని రాశారు, నన్నెవరూ పిలవలేదే?" అంది. పిలవలేదు మరి! ముప్పై ఏళ్లుగా మన ఊళ్లోనే ఉంది, మన పిల్లల పెళ్లి చీరలన్నీ ఆవిడ చేతిమీదుగానే కొన్నాం. మతాలు లెక్కేసేటప్పుడు మాత్రం హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అని మూడు వేళ్లు మడిచి ఊరుకున్నాం. వాళ్లు జైనులని తెలీక కాదు, తట్టక. ఎక్కమ్మా ఎక్కు అన్నాం. తాళంచెవులు కొడుక్కి విసిరేసి ఎక్కేసింది.

ఎ.కొండూరు దాటి, మైలవరం ఇవతల ఓ మామిడితోట పక్కన ఆపి డబ్బాలు విప్పాం. అసలు సామరస్యం అంతా అక్కడే తేలింది. ఆపా చపాతీలు, బంగాళాదుంప కూర తెచ్చింది. మా కోసమని మాంసం జోలికి పోలేదు. తీరా చూస్తే సేటమ్మ ఉల్లి తినదు, వెల్లుల్లి తినదు, దుంపలసలే తినదు. భూమిలో ఊరే దుంప పీకితే దాన్ని అంటిపెట్టుకున్న జీవాలన్నీ పోతాయంటుంది. నా పులిహోర పెట్టాను. "ఇందులో వేరుశెనగపప్పులున్నాయి, అవీ భూమిలోవే కదా" అని పిన్ని ధర్మసందేహం. "అది దుంప కాదమ్మా, గింజ" అని సేటమ్మ తీర్పు చెప్పి రెండుసార్లు పెట్టించుకుంది. తర్వాత ఆపా ఇంకో డబ్బా మూత తీసింది. మలీదా! చపాతీలు నలిపి బెల్లం, నెయ్యి కలిపి ముద్ద చేసింది. దాంట్లో ఎవరికీ పనికిరానిది ఏమీ లేదు. నాకు వెంటనే మా పుట్టింటి ఊళ్లో పీర్ల పండగ గుర్తొచ్చింది. పీరెత్తుకుని గుండం తొక్కేవాళ్లలో సగం మంది మన హిందువులే. మా నాన్న తెల్లారుజామున ఎత్తుకుని తీసుకెళ్లేవాడు, చేతిలో మలీదా ముద్ద పెట్టేవాళ్లు. దాన్ని ఏ మతం తిండి అనుకుంటాం చెప్పండి, నిద్రమొహంతో తినే తీపి!

అదిగో, రెండో కూత. ఇంకొకటి.

కొండపల్లి వచ్చేసరికి సేటమ్మకి హుషారొచ్చింది. అక్కడ బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు తమ పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు కదా, "మా వైపువాళ్లే, తెల్లపొణికి కర్ర దొరికిందని ఇక్కడే ఆగిపోయారు. మేం మీ చీరల బేరం దొరికిందని ఆగిపోయాం" అంది. అక్కడి షాబుఖారీ బాబా దర్గా వైపు తిరిగి ఆపా చేతులు చాచి దువా చేసుకుంది. ఎదురింటావిడ కూడా కళ్లకద్దుకుంది, ఏదో మొక్కు బాకీ ఉన్నట్టుంది. ఇబ్రహీంపట్నం బోర్డు కనిపించగానే మాస్టారికి మల్కిభరాముడు పూనాడు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షాని మన తెలుగు కవులు అలా పిలుచుకున్నారట. 1550 నుంచి 1580 దాకా ఏలాడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానం ఆయనకే అంకితం ఇచ్చాడట. రాజు కాకముందు ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్నాడు, అక్కడే తెలుగు రుచి తగిలింది. "అంత మంచివాడా!" అంది పిన్ని. "1565లో అదే విజయనగరం మీదికి మిగతా సుల్తానులతో కలిసి యుద్ధానికీ వెళ్లాడమ్మా" అన్నారు మాస్టారు. వ్యానంతా నిశ్శబ్దం. "రాజుల సంగతి మనకెందుకు సార్, ఉప్పు తిన్న ఇంటిని మర్చిపోవడం వాళ్లకి అలవాటే" అంది ఆపా వెనక నుంచి.

బందరు రోడ్డు మీద మ్యూజియం ముందు దిగాం. ఇప్పుడు బాపు మ్యూజియం అంటున్నారు. పిన్ని గాంధీగారి పేరనుకుంది. పంతులుగారి కోడలేమో చక్కని కళ్లున్న బాపు బొమ్మలే గోడనిండా ఉంటాయనుకుని, జడ కూడా అలాగే వేసుకొచ్చింది. పేరు మాత్రం బొమ్మల బాపుగారిదే. అంతకుముందు విక్టోరియా జూబిలీ మ్యూజియం. ఆ మహారాణి ఏలుబడికి యాభై ఏళ్లు నిండాయని 1887లో పునాది వేశారు, రాబర్ట్ స్యూయెల్ అని అప్పటి కలెక్టరు. 2020లో బాగుచేసి, పేరు మార్చి మళ్లీ తెరిచారు.

లోపల అల్లూరు బుద్ధుణ్ణి చూడాలి వదినగారూ! నిలువెత్తు సున్నపురాయి విగ్రహం, 3, 4 శతాబ్దాల నాటిది. అల్లూరంటే ఎక్కడో కాదు, మన ఎన్టీఆర్ జిల్లాలోదే. మేమంతా దణ్ణం పెట్టుకుని పక్కకి వెళ్లిపోయాం గానీ ఆపా కదలదే. కిందికీ పైకీ చూస్తోంది. ఏమిటంటే బట్ట చూస్తోందట! కుడి భుజం వదిలేసి ఎడమ భుజం మీదుగా దింపాడు, మడతలన్నీ ఒక్క తీరున జారాయి, అడుగున అంచు దగ్గర లావుగా ముడత తిప్పాడు. "ఈ అంచు చూడు, బట్ట బరువుకి నిలవాలని అడుగున మందంగా మడిచాడు. రాతిలో కుట్టాడు ఎవడో" అంది. మాస్టారు అరగంట చెప్పినా నాకంత బాగా ఎక్కలేదు. అటుపక్క సేటమ్మ తీర్థంకరుడి విగ్రహం ముందు చెప్పులు విడిచి నిలబడింది. మ్యూజియంలో చెప్పులు విడిచిన మనిషిని అప్పుడే చూశాను. పంతులుగారి కోడలు మహిషాసురమర్దని దగ్గర కుంకుమ పెట్టబోతే అక్కడి మనిషి వద్దన్నాడు.

"ఇన్ని విగ్రహాలు ఇట్లా కలిసిమెలిసి ఉంటే ముచ్చటగా ఉంది" అన్నాను నేను. ఊరికే అన్న మాట, మాస్టారు పట్టేసుకున్నారు. "ఇవి కలిసిమెలిసి ఇక్కడికి రాలేదమ్మా" అని మొదలెట్టారు. అమరావతిలో స్తూపం ఉంటే వాసిరెడ్డి వెంకటాద్రినాయుడి కాలంలో కొత్త ఊరు కట్టడానికి దాని రాళ్లు లాక్కెళ్లారు, కొన్ని కాల్చి సున్నం చేశారు. మెకంజీ దొర వచ్చి చూసేసరికే సగం పోయింది. మన జగ్గయ్యపేట కూడా అంతే. పూర్వం బేతవోలు. నాయుడుగారే వాళ్ల నాన్న పేరు పెట్టారు. ఆ ఊరి పక్క దిబ్బలో స్తూపం ఉందని 1882లో బర్జెస్ తవ్వితే, దొరికిన చెక్కుడు రాళ్లు మద్రాసు మ్యూజియానికి చేరాయి. రెండువేల ఏళ్ల నాటి చక్రవర్తి బొమ్మ ఒకటుందట అందులో. రాజు చెయ్యెత్తితే ఆకాశం నుంచి నాణేల వాన, పక్కన ఏనుగు, గుర్రం, చక్రం. మన పక్క ఊరి చక్రవర్తిని చూడాలంటే చెన్నై పోవాలి. "ఏ మతంవాడైనా ఇల్లు కట్టుకోవాలంటే ముందు పాతవాడి రాళ్లే కనపడతాయి" అంది ఎదురింటావిడ. వాళ్లు ఇప్పుడు ఇల్లు కడుతున్నారులెండి, మా ప్రహరీ పక్క ఇటుకలు పాతిక తగ్గాయి. ఆ మాట అప్పుడు అనలేదు.

ఇక అసలు సంగతికి వస్తున్నా. బయట చెట్టు నీడన కూర్చోబెట్టి మాస్టారు జెండా కథ చెప్పారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కాంగ్రెసు కమిటీ సమావేశం. గాంధీగారు వచ్చారు. అప్పుడే పిన్ని, "చూశావా, బాపు అంటే గాంధీగారే" అంది, సరే. మన భట్లపెనుమర్రు పింగళి వెంకయ్యగారు అప్పటికే 1916లో జెండాల మీద ఒక పుస్తకం వేసి ఉన్నారు. పత్తి మీద పరిశోధనలు చేస్తే పత్తి వెంకయ్య అన్నారు, జపాను భాష నేర్చుకుంటే జపాన్ వెంకయ్య అన్నారు. జెండాల పిచ్చి మాత్రం ఊరుకోలేదు. ఎరుపు, ఆకుపచ్చ మీద రాట్నం ఉన్న జెండా ఒకటి గీసిమ్మన్నారు గాంధీగారు. రాట్నం సంగతి సూచించింది జలంధరు లాలా హన్స్‌రాజ్. ఎరుపు హిందువులకి, ఆకుపచ్చ ముస్లిములకి. మూడు గంటల్లో తెచ్చి చేతిలో పెట్టారు వెంకయ్యగారు. అయినా కమిటీ ముందు పెట్టడానికి కాస్త వేళ మించిపోయింది. మించిపోవడమే మంచిదైందని గాంధీగారే తర్వాత తన పత్రికలో రాశారట. ఈలోపు ఇంకాస్త ఆలోచించి, మిగతా మతాలవాళ్ల మాటేమిటని తెలుపు కూడా చేర్చమన్నారు.

మేమంతా ఒక్కసారి పిన్ని మొహం చూశాం, తర్వాత సేటమ్మ మొహం చూశాం. "నా గ్యాసు అయిపోబట్టే కదా" అని పిన్ని కొంగు సర్దుకుంది.

ఇంతకీ రంగుల వరస ఎట్లా పెట్టారో తెలుసా? పైన తెలుపు, మధ్యలో ఆకుపచ్చ, అడుగున ఎరుపు. ఎవరు తక్కువ మందో వాళ్లు మొదట, ఎక్కువ మంది ఉన్నవాళ్లు అందరికన్నా కింద. బలమున్నవాడు బలం లేనివాడికి అడ్డుగా నిలవాలని దాని ఉద్దేశమట. మాస్టారు చాలా మామూలుగా చెప్పేశారు. నా పక్కనే ఆపా కోడలు కూర్చుని ఉంది, ఓ చేత్తో నడుం వెనక ఒత్తుకుంటోంది. నేను చెట్టు కొమ్మలకేసి చూశాను.

"మరి ఇప్పుడు ఆ వరస లేదేం?" అని సేటమ్మ అడిగింది. దానికీ తగువులే. సిక్కులు మాకూ ఓ రంగు కావాలన్నారు, ఇంకొకరు ఇంకోటన్నారు. రంగుల్లో మతాల వాటాలు పెడితే గుడ్డ ఎంతని చాలుతుంది? 1931లో ఎరుపు తీసి కాషాయం పెట్టి, పైకి తెచ్చి, ఏ రంగూ ఏ మతానిదీ కాదని తేల్చేశారు. ధైర్యమూ త్యాగమూ, సత్యమూ శాంతీ, విశ్వాసమూ అని అర్థాలు మార్చారు. 1947 జులై 22న రాట్నం పోయి చక్రం వచ్చింది. అశోకుడి చక్రం, అంటే లోపల మనం చూసొచ్చిన బుద్ధుడిదే. "అయితే ఆకుపచ్చ నాది కాదన్నమాట" అంది ఆపా. నొచ్చుకుందేమోనని మాస్టారు ఏదో సర్దబోయారు. ఆవిడ వినలేదు. "ఏటా ఆగస్టు వస్తే బడివాళ్లకి కుట్టిచ్చేది నేనే కదా సార్. మూడు ముక్కలూ సమానంగా కత్తిరించాలి. ఒక్కటి అరంగుళం మిగిలినా చక్రం మధ్యన కూర్చోదు" అంది. అంతే, లేచి చీర దులుపుకుంది.

మధ్యాహ్నం గుణదల వెళ్లాం. పిన్ని కోసం అనుకున్నాం గానీ కొబ్బరికాయ సంచిలోంచి తీసింది ఎదురింటావిడ! పిల్లాడి జ్వరానికి మొక్కిందట. అక్కడ ఇదేం కొత్త కాదు. 1924లో అర్లాటి ఫాదర్ మరియమాత విగ్రహం పెట్టిన దగ్గర్నుంచీ మనవాళ్లు తలనీలాలివ్వడం, కాయ కొట్టడం మామూలే. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరనాళ్లకి చూడాలి. మెట్లు ఎక్కుతూ, "మా మాతకి మీ పద్ధతులన్నీ అలవాటు చేశారు" అని పిన్ని సణిగింది. సణుగుతూనే కొబ్బరిచిప్ప తీసుకుంది. దుర్గమ్మ కొండ ఎక్కే ఓపిక ఎవరికీ లేక కింద నుంచే దణ్ణాలు పెట్టాం, పంతులుగారి కోడలు దానికి ఇప్పటికీ అలిగి ఉంది.

తిరిగి వ్యాను దగ్గరికి వచ్చాక, ఆపా కోడలు మళ్లీ వెనక చక్రం సీటుకే వెళ్తోంది. అమ్మాయ్ ఆగు, ఎన్నో నెల అన్నాను. నాలుగో నెలట. తిరువూరు నుంచి బెజవాడ దాకా ప్రతి గతుక్కీ ఎగిరి పడుతూ వచ్చి, ఒక్క మాట అనలేదు! పొద్దున మేం వాంతులని పోట్లాడుకుంటుంటే నిజంగా వాంతులవుతున్న పిల్ల వెనక కూర్చుంది. నేనేమీ గొప్పగా చెప్పలేదు వదినగారూ. నా సంచి తీసి, నువ్వు ఇక్కడ కూర్చో అని, పోయి వెనక కూర్చున్నాను. పంతులుగారి కోడలు నన్ను చూసి ఓ క్షణం తటపటాయించి నా పక్కకొచ్చింది. ఎదురింటావిడ రాలేదు. ఆవిడకి కాళ్లనొప్పులట, వాంతులు పోయి.

ఆ సీటు గురించి చెప్పాలా! జి.కొండూరు దాకా బాగానే ఉంది. తర్వాత గుంట వచ్చినప్పుడల్లా తల కప్పుకి, నడుం ఇనుపచువ్వకి. వెనక కూర్చుంటే దారి కనిపించదు, ఎప్పుడు ఎగురుతామో తెలీదు. ముందున్నవాళ్లు గుంట చూసి గట్టిగా పట్టుకుంటారు, మనం పడ్డాక పట్టుకుంటాం. ఒక్కటి మాత్రం విచిత్రం. వాంతులు రాలేదు. ఇరవై ఏళ్లుగా ఉన్న జబ్బు వెనక సీట్లో మాయమైంది. ఈ సంగతి మా ఇంటాయనకి చెప్పకండి, ఇకమీదట బస్సులో కిటికీ పక్క నన్ను కూర్చోనివ్వరు.

పొద్దున్నే ఆపా మనవడి చేత నువ్వులనూనె కాచి పంపింది, కర్పూరం వేసి. గిన్నె అదిగో గట్టు మీద. రాసుకోవడానికి నా చెయ్యి వెనక్కి పోవడం లేదు. వచ్చే నెల నేలకొండపల్లి అంటున్నారు మాస్టారు, రామదాసు ఊరూ అదే, బౌద్ధస్తూపమూ అక్కడే. మీరూ రండి. ముందు సీటు మాత్రం అడక్కండి, ఆపా కోడలికి అట్టేపెట్టాం.

ఏమిటీ వాసన? అయ్యో, మూడో కూత ఎప్పుడు వేసింది? కబుర్లలో పడి ఎన్ని కూతలైపోయాయో! వదినగారూ, నేను పరిగెత్తలేను, మీరే ఆ పక్క గేటు తీసుకుని వచ్చి పొయ్యి కట్టేద్దురూ. వస్తూ వస్తూ ఆ నూనెగిన్నె కూడా పట్రండి.